తలకు తొమ్మిదిన్నర

ఫోను నాది. బిల్లు నా పేరునే ఉంది, వాయిదాలూ నేనే కడుతున్నాను. అందులో ఏ ఆప్ ఉండాలో, ఏది పోవాలో చెప్పే అధికారం మాత్రం నాకు లేదట. పెట్టె విప్పేసరికే డజను పైచిలుకు ఆప్‌లు కాపురం పెట్టి ఉన్నాయి. కంపెనీ పేరు చెప్పి పరువు తీయను. "అంత కష్టంగా ఉంటే బటన్ల ఫోను కొనుక్కోండి, రాత్రిళ్ళు నిద్రన్నా పడుతుంది" అంటుంది మా ఆవిడ. ఆవిడకేం తెలుసు కాంపిటీషన్ చట్టం!

నేను రోజూ పేపరు చదువుతాను. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్ ఉచితమే. కానీ ప్లే స్టోర్ లేని ఫోను ఎవరు కొంటారు? అది కావాలంటే అప్పట్లో ఫోన్ల కంపెనీ సెర్చ్, క్రోమ్, యూట్యూబ్ వగైరాల మూటంతా ఎత్తుకోవలసి వచ్చేది. మా వైపు ఎరువుల కొట్లో ఈ విద్య పాతదే: యూరియా బస్తా అడిగిన రైతుకి అక్కర్లేని జింకు ప్యాకెట్ అంటగడతారు. లైసెన్సు పోతుందని వ్యవసాయాధికారి గద్దిస్తే కొట్టువాడు దారికొస్తాడు. గూగుల్ అప్పీలుకి వెళ్ళింది.

జరిమానా భారత సంచిత నిధికి పోతుంది, మనకేమీ రాదు. అయినా ఊరుకోలేక లెక్కేశాను. 140 కోట్ల మందికి పంచితే తలకు తొమ్మిదిన్నర రూపాయలు. మా ఇంట్లో నలుగురం, ముప్ఫై ఎనిమిది. అయిదు రోజులకే ప్లే స్టోర్ బిల్లింగు మీద మరో 936.44 కోట్లు వేశారు గానీ, 2025లో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు దించింది. నా ఇంటిపన్ను బకాయిలో రూపాయి తగ్గించిన మహానుభావుడు మాత్రం ఇంతవరకు కనిపించలేదు.

డబ్బు సంగతి పోనివ్వండి. ఆండ్రాయిడ్ కేసులో కమిషన్ ఇచ్చిన పది ఆదేశాల్లో నాలాంటివాడికి పనికొచ్చేది ఒకటుంది: ముందే ఎక్కించిన తన ఆప్‌లను జనం తీసేసుకుంటామంటే గూగుల్ అడ్డుపడకూడదు. 2023 మార్చిలో ట్రిబ్యునల్ జరిమానాని పైసా తగ్గించకుండా ఉంచి, నాలుగు ఆదేశాలను కొట్టేసింది. సరిగ్గా ఆ నాలుగింట్లో ఇదీ పోయింది! 'డిజేబుల్' చేసుకునే వీలుందిగా, చాలదా అన్నారు. డిజేబుల్ చేసిన ఆప్ కంటికి కనిపించదు, నిజమే. ఫోనులో చోటు మాత్రం ఖాళీ చెయ్యదు.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఏలినవారికి విన్నపం: మా నలుగురి వాటా ముప్ఫై ఎనిమిది రూపాయలూ ఖజానాకే వదిలేస్తున్నాం. బదులుగా ఆ 'అన్‌ఇన్‌స్టాల్' బటన్ ఒక్కటి ఇప్పించండి.