లాగాన్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: విజయనగరంలో అయిదు కంప్యూటర్ల చిన్న ఆఫీసు. ఎవరెప్పుడొచ్చి ఎప్పుడు వెళ్తున్నారో తేల్చమని ఆఫీసరుగారి ఆజ్ఞ. విండోస్‌లోని సెక్యూరిటీ, సిస్టమ్ లాగులు రెండూ తెరిచి, గుమస్తాగారి ఒక సోమవారాన్ని ఎత్తి రాశాను. గిడుగువారు పుట్టిన సీమలో ఈ గ్రాంథికపు వాసనేమిటని కోప్పడకండి. మూలం అలాంటిది మరి, టీక లేకపోతే మింగుడుపడదు.

మూలము:
4624, రకము 2, 10:22 |
4800, 10:31 | 4801, 12:05 |
6008 ||

ప్రతిపదార్థము: 4624 = లోనికి వచ్చెను; రకము 2 = ఆ యంత్రము ముందే కూర్చుండి (రకము 3 అయినచో పక్క యంత్రమునుండి ఫైలుకొరకో ప్రింటరుకొరకో చేయి చాచెనని అర్థము; దానిని హాజరుగా లెక్కింపరాదు); 4800 = తెరకు తాళము పడెను; 4801 = తాళము తీసెను; 6008 = క్రిందటిమారు యంత్రము చెప్పాపెట్టక ఆగెను.

తాత్పర్యము (ఆఫీసరుగారిది): ఆలస్యంగా వచ్చాడు, తొమ్మిది నిమిషాలు పనిచేశాడు, 94 నిమిషాలు టీ తాగాడు, తర్వాత చెప్పకుండా ఉడాయించాడు.

విశేషములు: 10:22 దగ్గర గుమస్తాగారి పాఠాంతరం ఇది: “నానేటి చేస్తాను బావూ, ఆమదాలవలసలో టైముకే ఎక్కీసినాను. చీపురుపల్లిలో బండి ఆగిపోనాది.” 94 నిమిషాలకూ జవాబుంది: బ్యాంకులో చలానా కట్టి రమ్మని పంపింది ఆఫీసరుగారే.

ఉడాయించాడన్నది మాత్రం వ్యాకరణం తెలియని మాట. తానే లాగాఫ్ చేస్తే 4647 పడాలి, నిజమే. కానీ కరెంటు పోతే అది పడే వ్యవధి ఏది? యంత్రం మళ్లీ లేచాక దాని బదులు 6008 పడుతుంది. ఆయన ఇంటికెళ్లిన వేళ అధ్యాహార్యం, అంటే మనం ఊహించుకోవలసిందే.

లాగాఫ్ మరిచిపోయేవారి దశ ఇంకా గొప్పది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజు సాయంత్రం కంప్యూటరు అలాగే వదిలి ఇంటికెళ్లిన ఉద్యోగి ఆ పక్క ఎవరైనా ఉంటే, కరెంటు పోయేదాకా ఆయన కుర్చీ దిగలేదనే లాగు సాక్ష్యం. అలంకారం అతిశయోక్తి అనుకునేరు, వ్యాజస్తుతి.

ఇక ఆఫీసరుగారి యంత్రంలో 4624 రోజూ 9:58కే, రకం 2తో. ఆయన పాస్‌వర్డు అటెండరుకు తెలుసునన్న సంగతి మూలంలో లేదు. టీకాకారుడు కూడా ఇక్కడ మౌనం.