లక్డారం లాబీ వాక్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఇస్నాపూర్, రుద్రారం చుట్టుపక్కల ముంబయి రోడ్డు దిగి లోపలికి పోతే లక్డారం. గుట్టలను కంకర చేసే క్రషర్లు, ఆ కంకరను హైదరాబాదు అపార్టుమెంట్లకు మోసే టిప్పర్లు, రెంటినీ సమానంగా కప్పే దుమ్ము అక్కడి సంపద. టిప్పరు లోడయ్యేదాకా క్లీనరుకు పని ఉండదు. పని లేనిచోటనే శాస్త్రాలు పుడతాయి. ప్రస్తుత వాక్యం అలాంటి ఒక సాయంత్రం చాయ్ బండి పక్కన పుట్టింది.

దీనికి వ్యాఖ్య రాయడం సాహసమే. కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి కొలచలమువాడు. అంటే నేటి మెదక్ జిల్లా కొల్చారం. 2016లో జిల్లాలు విడిపోకముందు సంగారెడ్డీ కొల్చారమూ ఒకే జిల్లాలో ఉండేవి గనుక ఆయన మనవాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. మేము అందులో మొదటి సగం పాటిస్తాం.

మూలం

“గా కథ ఎవనిక్కావాలె బయ్, స్కిప్ కొట్టు, లాబీలకు రా.”

సందర్భం

వక్త టిప్పరు క్లీనరు. శ్రోత పాశమైలారం ఫ్యాక్టరీలో ప్యాకింగు పనివాడు, నైట్ షిఫ్టుకు ఇంకా టైముంది. శ్రోత ఫోనులో ‘శాన్ ఆండ్రియాస్’ ఆడుతున్నాడు. 2004 నాటి ఆట, పాత ఫోనులో కూడా నడుస్తుంది. ఆ క్షణాన ఆట ఆగి, బొమ్మలు తమలో తాము మాట్లాడుకుంటున్నాయి. అవతల బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో నలుగురి జట్టుకు ఒకడు తక్కువ.

ప్రతిపదార్థం

గా = ఆ; ఫోను మూరెడు దూరంలో ఉన్నా ‘గా’ అన్నాడు గనుక దూరం మనసుకు సంబంధించినదని గ్రహించాలి. కథ = చేతులు కట్టేసి కళ్లతో మాత్రమే చూడమనేది. ఎవనికి కావాలె = ప్రశ్న కాదు, నిషేధం. బయ్ = ఓ సోదరా; శ్రోత బిహారువాడైనా శ్రీకాకుళంవాడైనా, పెద్దవాడైనా చిన్నవాడైనా చెల్లే సంబోధన. స్కిప్ = స్క్రీను మూలన ఉండే చిన్న బొత్తాము. కొట్టు = తాకుము; అయితే లక్డారం ఫోను మీద క్రషర్ పొడి పేరుకొని ఉంటుంది గనుక ఇక్కడ వాచ్యార్థమే గ్రాహ్యం, నిజంగానే కొట్టాలి. లాబీలకు = యుద్ధానికి ముందు వీరులు ఒకరి బట్టలు ఒకరు చూసుకునే మండపమునకు. రా = రమ్ము.

తాత్పర్యం

ఓ సోదరా! ఆటలో కథతో ప్రయోజనం లేదు. దాన్ని దాటించి, ఆటే ఉన్న చోటికి రమ్ము.

వాదం

ఇది క్లీనరు ఒక్కడి మతం కాదు. ఇంద్రాది దేవతలు బ్రహ్మ దగ్గరికి పోయి, కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ అయిన ఆటవస్తువు ఒకటి కావాలన్నారని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఉంది. వీడియో గేమ్‌కు ఇంతకన్నా మంచి లక్షణం తర్వాతి వాళ్లెవరూ చెప్పలేదు. గమనించండి, దేవతలు కథ అడగలేదు. కథ తర్వాత చేరింది. తొలి ప్రదర్శనకు భరతుడి బృందం రాక్షసులు ఓడిపోయే కథ పెట్టింది. చూడవచ్చిన రాక్షసులకు ఒళ్లు మండింది. విఘ్నులతో కలిసి నటుల మాటను, కదలికను, జ్ఞాపకశక్తిని స్తంభింపజేశారు. నేటి భాషలో సర్వర్ డౌన్. ఇంద్రుడు జర్జరమనే తన ధ్వజదండం పుచ్చుకుని బాదితే గాని ఆట మళ్లీ నడవలేదు. ఆట మీద రాక్షసులకు ఫిర్యాదు లేదు; వాళ్ల కోపమంతా కథ మీదే.

అదే శాస్త్రం ఇతివృత్తాన్ని నాట్యానికి శరీరమంది కదా అని కథాపక్షంవారు లేస్తారు. శరీరమనే అంది, ప్రాణమనలేదని క్లీనరు పక్షం. (క్లీనరుకు ఈ సంగతులు తెలియవు. తెలియనివాడి తరఫున తెలిసినట్టు వాదించడమే వ్యాఖ్యాతల వృత్తి.)

మన వైకుంఠపాళి సంగతీ ఇంతే. గడిగడికీ పేరు పెట్టి, నిచ్చెనకు పుణ్యాన్నీ పాముకు పాపాన్నీ అంటగట్టి, వేదాంతమంతా ఒక కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు పెద్దలు. పిల్లలు పాము నోరు ఎక్కడుందో చూశారు. గడి పేరు చదివి ఆగిన పిల్లవాణ్ని నేనింతవరకు చూడలేదు. బొత్తాము పుట్టకముందే స్కిప్ ఉండేదన్నమాట.

సీమాంతర ప్రమాణం ఒకటి. 1992లో అమెరికాలో ‘డూమ్’ తయారవుతున్నప్పుడు టామ్ హాల్ అనే ఆయన దానికి పెద్ద కథాపత్రం రాసి పెట్టాడు. దానికి బైబిల్ అనే పేరు. ప్రోగ్రాం రాసే జాన్ కార్మాక్‌కు అది అడ్డమనిపించింది. ఆటలో కథ ఎంత అవసరమో చెప్పడానికి ఆయన చెప్పిన పోలిక పెద్దల ముందు రాయదగింది కాదు. హాల్ కంపెనీ వదిలిపోయాడు. 1993 డిసెంబరులో ఆట వచ్చింది, కథ దాదాపు లేకుండానే. లోకం దాని మీద పడింది.

ఇక ప్రత్యక్ష ప్రమాణం. పబ్జీని 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. మరుసటి ఏడు జూలైలో అదే బీజీఎంఐ పేరుతో వచ్చింది. రక్తం ఆకుపచ్చగా మారింది. చంపడం పోయి ‘ఫినిష్’ చేయడం వచ్చింది. ఇది నిజప్రపంచం కాదు సుమా అని హెచ్చరిక చేర్చారు. 2022 జూలైలో మళ్లీ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. కథ వైపు ఇన్ని సవరణలు జరిగినా, ట్రిగ్గరు నొక్కితే తుపాకి ఎగిరే తీరు మాత్రం అట్లాగే ఉంది. రక్తం రంగు గురించి చాయ్ బండి దగ్గర ఎవరూ నోరెత్తలేదు. నెట్ మందగించి పింగు పెరిగితే మాత్రం బూతులే.

ఈ జాతి ఆటలకు పేరిచ్చిన ‘బ్యాటిల్ రాయల్’ అనే 2000 నాటి జపాను సినిమాలో ద్వీపం మీద వదిలిన పిల్లలకు వేర్వేరు కథలున్నాయి. ఎవరి ప్రేమ వాళ్లది, ఎవరి పగ వాళ్లది. ఆట ద్వీపాన్ని ఉంచుకుంది, చివరికొక్కరే మిగలాలనే నియమాన్ని ఉంచుకుంది. పిల్లల కథలను పారేసింది.

కొత్త చిక్కు

ఇంతవరకు క్లీనరుదే గెలుపు. కాని టెట్రిస్ దగ్గర వ్యాఖ్యాతకు కాలు జారుతుంది. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ చేసిన ఆ ఆటలో మనిషి లేడు, ఊరు లేదు, పేరు లేదు. పైనుంచి ముక్కలు పడతాయి, సర్దాలి. అంతే. అయినా జానెట్ మర్రే అనే పండితురాలు 1997లో ‘హామ్లెట్ ఆన్ ది హోలోడెక్’ అనే పుస్తకం రాసి, ఈ ఆట 1990ల అమెరికన్ల ఊపిరాడని పని బతుకు కథేనంది. ఒకదాని తర్వాత ఒకటి మీద పడటం, సర్ది చోటు చేసుకునేలోపల ఇంకొకటి రావడం. ఫిన్లాండుకు చెందిన మార్కు ఎస్కెలినెన్ 2001లో దీన్ని ఎగతాళి చేశాడు. లేని కథను చదువుతున్నారు, ఆటను ఆటగా చూడరేమని ఆయన గోల.

ఇద్దరిలో ఎవరూ లక్డారం క్రషర్ హాపర్ దగ్గర నిలబడినట్టు లేదు. టిప్పరు రాళ్లు గుమ్మరిస్తుంది. దవడలాంటి జా క్రషర్ వాటిని నములుతుంది. బెల్టు మీద పోయి, జల్లెడలో 40 ఎంఎం ఒకవైపు, 20 ఎంఎం ఒకవైపు, రోబో సాండు ఇంకొకవైపు. ఒక్క బండ అడ్డం పడి ఇరుక్కుంటే అంతా ఆగుతుంది, గునపంతో ఎక్కాలి. అక్కడ పనిచేసే ఒకాయన షిఫ్టు దిగి, చేతులు కడుక్కొని, నీడలో కూచుని ఆడేది ఏమిటనుకున్నారు? ముక్కలు పేర్చే ఆటే. పొద్దంతా ఇదే పని కదా, మళ్లీ ఇదేనా అని అడిగాను.

“గీడ లైన్ నిండితే మాయమైతది సార్. గాడ ఎంత నింపినా మాయం గాదు.”

మర్రే గెలిచిందా, ఎస్కెలినెన్ గెలిచాడా? నా మతం: ఇద్దరూ సగం సగం. ఆటలో కథ లేదన్న ఫిన్లాండువాడి మాట ఒప్పే. కాని ఆ ఒక్క నియమం, నిండిన వరుస మాయమవడం, ఆ క్రషరు పనివాడి పొద్దుకు ఎదురుగా నిలబడింది. ఎవరూ రాయకుండానే అది కథ అయి కూచుంది. దానికి స్కిప్ బొత్తాం పెట్టడం ఎవరి తరమూ కాదు.

అన్వయ శోధన

మూలకారుడి దగ్గరికి వద్దాం. శ్రోత లొంగి లాబీకి వచ్చాడు. ఆట అయింది. ఓడిపోయారు. ఫోను జేబులో పెట్టి మన క్లీనరు చాయ్ గ్లాసు అందుకుని మొదలుపెట్టాడు: “చర్చి ఎన్కనుంచి ముగ్గురొస్తుండ్రు బయ్, నా కాడ బుల్లెట్లు లెవ్వు, ఈపుకు పెనం ఒక్కటున్నది...” పెనానికి తూటా తగిలి ఠంగుమన్న చప్పుడు, నాక్ అయి పాక్కుంటూ గోడ దాకా పోవడం, జోను మీదికొస్తుంటే దోస్తు వచ్చి లేపడం, లేపినవాడే ముందు చావడం. చాయ్ చల్లారింది. నిజానికి వీడు ఎనిమిదో నిమిషంలో చచ్చాడు. కథలో ఇరవై నిమిషాలు బతికాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఆ ఆట ఆడనివాళ్లు కూడా వింటున్నారు.

కథ ఎవనిక్కావాలె అన్నవాడు వీడేనా? వీడే. విరోధ పరిహారం ‘గా’ అనే మాటలో ఉంది. వాడు కథ వద్దనలేదు, ‘గా’ కథ వద్దన్నాడు. ఎక్కడో కూచుని ఎవరో రాసి, వీడి చేతులు కట్టేసి చూపించేది వద్దు. తన చేతి వేలు పడ్డచోట పుట్టేది కావాలి. మంచి గేమ్‌ప్లే అంటే మా అర్థం ఇది: ఆట అయ్యాక నోరు ఊరుకోకూడదు. ఈ కొలతతో చూస్తే పేరుమోసిన కథల ఆటలు కొన్ని తేలిపోతాయి. గంటలకొద్దీ చూపించి, చివర మనం చెప్పుకోవడానికి ఏమీ మిగల్చవు. బంగారు నాణేలు ఏరించే ఆటలు అంతకంటే తేలిపోతాయి.

ధర్మరాజు సాక్ష్యం

శ్రోతకు అన్యాయం చేయరాదు. ఆయన చూస్తున్న ఘట్టం, ఏళ్ల తర్వాత తల్లి చావుకు సొంతూరు తిరిగొచ్చిన కొడుకును ఇంటివాళ్లు నిలదీయడం. శ్రోత ఊరు రైలులో రెండు రోజుల దూరం. ఆ బొమ్మల మాటలు ఆయన వెంటనే ఎందుకు దాటించలేదో దీన్నిబట్టి ఊహించుకోండి.

కథ అవసరమయ్యే వేళ కూడా ఉంది. భారతంలో జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో కూచున్న ధర్మరాజు, నాకంటే దౌర్భాగ్యుడు ఎవడైనా ఉన్నాడా అని బృహదశ్వుణ్ని అడుగుతాడు. మహర్షి నలుడి కథ చెబుతాడు. అంతటితో లేచిపోలేదు, పాచికల రహస్యం, అక్షహృదయం, కూడా ఉపదేశించి పోతాడు. వట్టి కథ విని ఉంటే ధర్మరాజు ఓదార్పు పొంది మళ్లీ ఓడేవాడు. వట్టి రహస్యం చేతిలో పెట్టి ఉంటే పాచిక ముట్టే గుండె ఉండేది కాదు. తర్వాత ఆయన విరాటుడి కొలువులో కంకుభట్టుగా పాచికలాడటానికే కుదురుకున్నాడు. (కంకుభట్టుకూ కంకరకూ సంబంధం లేదు. ఎవరైనా స్థలపురాణం రాస్తారేమోనని ముందే చెబుతున్నాం.) ఇందులో వరస ముఖ్యం. ఆడుతున్నవాణ్ని ఆపి మహర్షి కథ చెప్పలేదు. పాచిక పడేవేళ కథ మొదలుపెట్టి ఉంటే శకుని కూడా స్కిప్ కొట్టమనేవాడే.

పాఠాంతరం

కొందరు ‘స్కిప్ కొట్టు’ అనే చోట ‘ఛార్జర్ ఇయ్యి’ అని చదువుతారు. అది ప్రక్షిప్తం. ఆ కాలానికి బ్యాటరీ ఇంకా నలభై శాతం ఉంది. వాక్యం తర్వాత శ్రోత జవాబుగా ‘ఆగన్నా, ఆనికేమైతదో చూడనియ్యి’ అని ఒకటి కనిపిస్తుంది. ఇది మూలకారుడిది కాదు గనుక వదిలేయాలని పూర్వులు. చాయ్ బండి ఆయన తానే విన్నానంటున్నాడు గనుక ఉంచాం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను లాబీలో కూచుని చదివినవారికి జోను తమ ఇంటి మీదనే పడుతుంది. టిప్పరు క్యూలో చదివినవారికి లోడు తొందరగా దొరుకుతుంది. నైట్ షిఫ్టుకు పోతూ చదివినవారికి సేవ్ చేసిన చోటనే ఆట తిరిగి తెరుచుకుంటుంది. స్క్రీను మీద దుమ్ము విషయంలో ఫలం ఏమీ చెప్పబడలేదు.