పుట్టుమచ్చ వ్యాఖ్య

మూలము: సినిమాలో లాజిక్కు వెదుకరాదు.

అవతారిక: ఈ వాక్యమును మొదట పలికిన వారెవ్వరో తెలియదు గాని, చిత్రము విడుదలయైన మరునాడు నిర్మాతయు, దర్శకుడును, వారి వెనుక అభిమానులును ఏకకంఠముగా వల్లించుచుండుటచే దీనికి వేదమునకు వలె అపౌరుషేయత్వము సిద్ధించినది. మూలములో లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిన పట్టి కోలాచల మల్లినాథసూరి రఘువంశమునకు వ్యాఖ్య రచించెను. నేనును ఆ ప్రతిననే పట్టుచున్నాను. రెండవ సగము నిలుపుకొందునని మాత్రము మాట యీయజాలను.

టీక: ‘సినిమాలో’ – సుగమము. ‘లాజిక్కు’ – తర్కము. గౌతముని న్యాయసూత్రములు లెక్కించిన పదునారు పదార్థములలో ఇది ఎనిమిదవది. స్వపక్షమేదియు నిలుపక పరపక్షమును మాత్రము ఖండించు వితండ పండ్రెండవది. ఎనిమిదవదానిని అడుగవలదని చెప్పుటకు మనవారు పండ్రెండవదానిని వాడుదురు. ‘వెదుకరాదు’ – ఇచ్చట ‘రాదు’ నిషేధమా, అశక్యతయా యని శంక. నిషేధమని దర్శకుని మతము. మూడు గంటలు కూర్చుండి వచ్చిన నాకు రెండవ అర్థమే సంగతముగా తోచుచున్నది.

వ్యాఖ్య: నాయకుడు బుగ్గమీద మచ్చ యొకటి పెట్టుకొని, పిల్లిగడ్డము తగిలించుకొని, దుబాయి షేకునని చెప్పి ప్రతినాయకుని మేడలో ప్రవేశించును. ఇంటర్వెల్లు మొదలుకొని అతనిని చంపుటకై మనుషులను పంపుచున్న ప్రతినాయకుడు అతనిని పోల్చుకొనడు. నవమాసములు మోసిన తల్లియు “ఎవరు బాబూ నువ్వు?” అనును. ఆ తల్లియే చివరి రీలులో, ఇరువదియేండ్ల క్రిందట తిరునాళ్లలో తప్పిపోయిన రెండవ కొడుకును భుజముమీది పుట్టుమచ్చ చూచి గుర్తుపట్టి మూర్ఛిల్లును. కావున మచ్చ యనునది అంటించినచో తిరస్కరిణి, పుట్టినచో అభిజ్ఞానము అని వ్యవస్థ చేసికొనవలెను.

అభిజ్ఞానమనగానే కాళిదాసు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. భారతములో దుష్యంతుడు శకుంతలను ఎరిగియు ఎరుగననును; అశరీరవాణి పలికిన పిదప గాని ఒప్పుకొనడు. అందు శాపమును లేదు, ఉంగరమును లేదు. తన నాయకుడు అట్లు బొంకుట కాళిదాసునకు సహింపరానిదయ్యెను. అందుచేత మరపునకు దుర్వాసుని శాపమును, శాపమునకు అతిథి నిరాదరణమును, ఆ నిరాదరణమునకు విరహపారవశ్యమును, విమోచనమునకు ఉంగరమును, అది జారిపోవుటకు శచీతీర్థమును, మరల దొరకుటకు చేపను, చేపను కోయుటకు జాలరిని, వానిని దొంగయని కట్టి తెచ్చుటకు భటులను సమకూర్చెను. ఆ భటులు వానిని కొట్టుటకు చేతులు దురదపెట్టుచుండగా రాజు బహుమానము పంపుట, వాడు సగము వారికిచ్చుట, క్షణము క్రిందటి దొంగయు దండధరులును చెలికాండ్రై కల్లంగడికి పోవుట – ఈ చిన్న ప్రవేశకము ఎన్నిమారులు చదివినను నాకు తనివి తీరదు. రక్షకభటులు కథ ముగిసిన పిమ్మట గాక కథ నడుమ వచ్చిన అరుదైన ఘట్టమిది. ఇంక నలుని సంగతి! కర్కోటకుడు కాటు వేసి రూపమునే మార్చివేసెను గదా. అయినను బాహుకుడు వండిన మాంసము రుచి చూచి దమయంతి పసిగట్టెను.

ఏమి చెప్పుచుంటిని? మచ్చ.

మాయలు చూపవలదని నేననుట లేదు. 1957లో కె.వి. రెడ్డిగారి మాయాబజారులో ఘటోత్కచుడు శశిరేఖ యయ్యెను. హేతువేమని ఎవ్వరును అడుగలేదు. ఏలన, రూపము మారినను రాక్షసబలము మారలేదని పెండ్లిపీటలమీద పాదము నలిగిన లక్ష్మణకుమారుడే సాక్షి. పాండవులు ఆ చిత్రమున ఒక్కమారైనను తెరపైకి రాకున్నను కొరత తోపదు. అంత శ్రద్ధ చేయగలిగిన పరిశ్రమ, ఒక్క మాట చెప్పిన తీరిపోవు అపార్థమును ఆరు పాటల పొడుగున లాగి, అదేమని అడిగినచో “బుర్ర ఇంటిదగ్గర పెట్టి రండి” అనుచున్నది. టిక్కెట్టు ధర పెంచవలసి వచ్చినపుడు మాత్రము వ్యయము, వడ్డీ, పారితోషికము అని హేతువు వెంట హేతువు చూపుదురు. అప్పుడు మన బుర్ర ఇంటిదగ్గర ఉండరాదు కాబోలు!

తాత్పర్యము: సుగమము. మొన్న నేను మీసము తీయించుకొని ఇంటికి పోగా, మూడేండ్ల మనుమరాలు వాకిటిలోనే చూచి, “తాతా, మీసాలేవీ?” అని అడిగినది.