ఎత్తు పెంచి పొట్ట దించే శాస్త్రం

అమెరికాలో జీపుల ఎత్తు పెంచుకునే అభిమానుల మధ్య ఒక సిద్ధాంతం చాలాకాలంగా చలామణిలో ఉంది. దాని ప్రకారం వాహనం నేలకు ఎంత దూరంగా నిలబడితే అది అంత గొప్ప కొండదారి వాహనం, ఆ ఎత్తు పుణ్యమా అని అడుగున ఏదైనా వణకడం మొదలుపెడితే దానికి మందు గుప్పెడు ఇనుప స్పేసర్లు. 1997 నుంచి 2006 వరకు మోడల్ సంవత్సరాల్లో వచ్చి, టీజే అనే సంకేతంతో పిలవబడే రాంగ్లర్ జీపు ఈ సిద్ధాంతానికి ప్రధాన ప్రయోగశాల. దాని మామూలు నమూనాలో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 93.4 అంగుళాలే, అందులో ఇంజను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ తమ తమ చోటు ఆక్రమించగా వెనక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టుకు దక్కేది మిగిలిన కొద్దిపాటి జాగా. పొట్టి షాఫ్టు ఒక కొసను నాలుగంగుళాలు పైకి ఎత్తితే దాని వాలు ఎంత నిటారుగా మారుతుందో తెలుసుకోవడానికి గొప్ప గణితం అక్కర్లేదు గానీ, స్ప్రింగుల కిట్టు కొనే ఉత్సాహంలో ఆ కాస్త గణితానికీ తీరిక దొరకదు.

ట్రాన్స్‌ఫర్ కేస్ అంటే గేర్‌బాక్సు వెనక కూర్చుని ఇంజను శక్తిని రెండు ఇరుసులకూ పంచే పెట్టె. ఈ జీపుల్లో ఎక్కువ భాగానికి బిగించిన 231 నమూనా పెట్టె, లోగేరులో చక్రాల లాగుడును 2.72 రెట్లు పెంచుతుంది. గతుకుల్లో ఇరుసు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా షాఫ్టు పొడవు ఆ మేరకు సాగుతూ ముడుచుకుంటూ ఉండాలి కనుక, ఆ జారుడు ఏర్పాటును పెట్టె తోకలోనే పెట్టి, గాడులు కోసిన పొడవాటి కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జారే, షాఫ్టు కొసను పట్టుకునే పంగలాంటి యోక్‌ను తొడిగారు. దీన్నే స్లిప్ యోక్ అంటారు. చవకగా, తేలికగా తయారయ్యే ఈ అమరికలో షాఫ్టు ఊడి యోక్ బయటికి వస్తే దాని వెంటే పెట్టెలోని ఆయిలు కూడా సెలవు తీసుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో జారే భాగం షాఫ్టులోనే ఉండేది, పెట్టెకు కదలని యోక్ ఉండేది. అంటే ఈనాడు అత్యాధునిక మార్పుగా అమ్ముడుపోతున్న కదలని యోక్ తాతల నాటి సొత్తే.

వణుకుకు కారణం షాఫ్టు కొసల్లో ఉండే క్రాస్ జాయింటు, అనగా రెండు యోక్‌లను కలిపే నాలుగు కొమ్ముల ఇనుప ముక్క. అది వంపులో తిరిగేటప్పుడు ఒక వైపు సమవేగంతో తిరుగుతున్నా రెండో వైపు ప్రతి చుట్టులోనూ రెండేసి సార్లు ముందుకు ఉరికి, రెండేసి సార్లు వెనకబడుతుంది. వంపు 10 డిగ్రీలైతే ఈ ఒడిదుడుకు దాదాపు ఒకటిన్నర శాతం అటూ ఇటూ ఉంటుంది. 20 డిగ్రీలైతే ఆరు శాతానికి చేరుతుంది, అంటే వంపు రెట్టింపైతే బాధ నాలుగింతలన్నమాట. నిమిషానికి 2000 చుట్లు తిరిగే షాఫ్టులో ఈ కుదుపు సెకనుకు 67 సార్లు వస్తుంది. రెండు కొసల్లోని వంపులు సమానమైతే ఒకదాని ఒడిదుడుకును మరొకటి రద్దు చేస్తుందన్న మాట నిజమే గానీ, నడుమ ఉన్న షాఫ్టు మాత్రం ఆ ఎగుడుదిగుడు వేగంతోనే తిరుగుతూ ఉంటుంది కనుక దాని ఫిర్యాదు దానికి మిగిలే ఉంటుంది.

ఈ ఫిర్యాదుకు స్పేసర్ల పంథా చెప్పే పరిష్కారం భారతీయ తర్కశాస్త్రానికి కూడా అందనిది. ట్రాన్స్‌ఫర్ కేసును మోసే అడుగు రేకుకూ చట్రానికీ నడుమ సుమారు ఒక అంగుళం మందం ఉన్న స్పేసర్లు దూర్చి, పెట్టెనూ రేకునూ కలిపి కిందికి దించితే షాఫ్టు వాలు కొంత తగ్గుతుంది, వణుకూ కొంత తగ్గుతుంది. అయితే ఈ జీపులో ఆ రేకు మొదటి నుంచే చట్రం కన్నా కిందికి వేలాడే భాగం, గుట్ట దాటేటప్పుడు రాయి మొట్టమొదట తాకేది దాన్నే. నాలుగంగుళాల ఎత్తును డబ్బు పోసి కొని, అందులో ఒక అంగుళాన్ని మళ్లీ డబ్బు పోసి నేలకు వాపసు ఇవ్వడం ఏ బేరగాడూ చేయని బేరం. పైగా స్ప్రింగులు ఎంత పెంచినా ఇరుసు ఎత్తు వెంట్రుకవాసి కూడా మారదు. ఇరుసు నడుమ ఉండే డిఫరెన్షియల్ గుండు నేలకు ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేది టైరు వ్యాసమే. తలపాగా కొలిచి మనిషి పొడవు లెక్కగట్టినట్టు, బానెట్ ఎత్తును చూసి వాహన సామర్థ్యాన్ని అంచనా కట్టే పద్ధతి ఇక్కడే పుట్టింది. పెద్ద టైర్లు పట్టాలంటే ఎత్తు కావాలన్న వాదన న్యాయమైనదే. కానీ పాత టైర్ల మీదే నాలుగంగుళాలు ఎగబాకిన జీపులకు ఆ వాదన వర్తించదు.

అసలు మార్పు వేరే ఉంది. పెట్టెను విప్పి, లోపలి పొడవాటి మెయిన్ షాఫ్టును తీసి పొట్టిదాన్ని వేసి, దాని కొసకు కదలని యోక్‌ను బిగిస్తే పెట్టె తోక కొన్ని అంగుళాలు కురచవుతుంది, ఆ మేరకు ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు పెరిగి వాలు తగ్గుతుంది. షాఫ్టు పై కొసన రెండు క్రాసులను జంటగా కూర్చిన డబుల్ కార్డాన్ జాయింటు వంపును రెండుగా పంచుకుంటుంది. దారిలో వెనక షాఫ్టు విరిగినా దాన్ని విప్పి పక్కన పెట్టి, ఆయిలు పోకుండా ముందు చక్రాల మీద ఇల్లు చేరవచ్చు. 2003లో వచ్చిన రూబికాన్ రకానికి 4:1 లోగేరుతో పాటు కదలని యోక్‌ను కంపెనీయే ఇచ్చింది. పెట్టె విప్పే ఓపిక లేనివారికి ఉన్న కడ్డీనే కోసి, కొసలో రంధ్రం తొలిచి, మరలు కోసి, ఫ్లాంజి బిగించే అడ్డదారి ఉంది. గైడు పెట్టి శ్రద్ధగా చేస్తే అదీ పనిచేస్తుంది. కానీ బండి కింద వెల్లకిలా పడుకుని చేతి డ్రిల్లుతో తొలిచిన రంధ్రం కడ్డీ నడిబొడ్డునే పడిందని ప్రమాణం చేసేవారి ఆత్మవిశ్వాసం ముందు లేత్ మిషను సిగ్గుతో తల దించుకోవాలి.

ఇంత చేశాక కూడా మరో దావా తలెత్తుతుంది: డబుల్ కార్డాన్ వేశాక వంపుల సంగతి మరచిపోవచ్చునట. జంట జాయింటు తన వైపు వంపునే సరిదిద్దుకుంటుంది, ఇరుసు వైపున ఉన్న ఒంటి క్రాసు వంపును కాదు. అందుకే షాఫ్టు వచ్చి కలిసే ఇరుసు ముక్కును పైకి తిప్పి, షాఫ్టుకు దాదాపు సూటిగా, లాగుడుకు ముక్కు పైకి లేస్తుంది కనుక డిగ్రీ రెండు డిగ్రీలు కిందికి ఉంచాలి. దీనికి పొడవు సర్దుబాటయ్యే కంట్రోల్ ఆర్ములు కొనాలి కనుక చాలామంది ఈ సంగతిని వినలేదన్నట్టే ఊరుకుంటారు, ఆపైన వణుకు పోలేదని షాఫ్టు చేసినవాడిని తిడతారు.

స్పేసర్లవారి విషయంలో మాత్రం తిట్టడానికి కూడా అవకాశం రాకపోవచ్చు. పెట్టె కిందికి దిగినప్పుడు గేరు మార్చే లివరు బాడీకే అంటిపెట్టుకుని ఉంటుంది, వాటిని కలిపే లింకేజి పక్కకు గుంజుకుపోతుంది. దాన్ని మళ్లీ సరిచేయకపోతే లివరు లోగేరులోకి పూర్తిగా పడకుండా ఆగిపోతుంది. అయితే ఆ లోపం బయటపడాలంటే యజమాని ఎప్పుడో ఒకసారి తారురోడ్డు దిగి, ఆ లివరును లాగి చూడాలి.