1965 యాడికి పోయింది?

నాకు యాంప్లిఫయర్ లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే యాంప్లిఫయర్ల గురించి నిజామాబాదులో నా అంత మాట్లాడేవాడు ఇంకొకడు దొరకడు. బేస్ గిటార్ మాత్రం ఒకటుంది. బీరువాకూ గోడకూ మధ్య సందులో, మా ఆవిడ పాత చీర కప్పుకుని నిలబడి ఉంటుంది. చుట్టాలెవరైనా అదేందని అడిగితే ఇస్త్రీ బల్ల అని చెబుతుంది ఆవిడ. భర్త బేస్ గిటారిస్టు అనడం కన్నా ఇంట్లో ఇస్త్రీ బల్ల ఉందనడమే మర్యాదని ఆమె లెక్క.

పగలంతా మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో కూర్చుని పసుపు బస్తాల తూకాలు రాస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే మనసు అమెరికా చేరుతుంది. అక్కడ ఎవరెట్ హల్ అనే బేస్ వాద్యకారుడు పెట్టిన యాంపెగ్ కంపెనీలో, జెస్ ఆలివర్ అనే ఇంజనీరు 1960లో బి-15 అనే యాంప్లిఫయర్‌ను రూపొందించాడు. మూసిన పెట్టెలో పదిహేను అంగుళాల స్పీకరు. మూత మీద వాల్వుల యంత్రం. కచేరీ అయిపోగానే ఆ మూతను తిరగేస్తే వాల్వులన్నీ తలకిందులుగా పెట్టెలోకి దిగి భద్రంగా పడుకుంటాయి. ఇంత బుద్ధిగా సర్దుకునే వస్తువు మా ఇంట్లో ఇంకోటి లేదని, నాతో సహా ఎవరూ లేరని, మా ఆవిడకు చాలాసార్లు నచ్చజెప్పి చూశాను.

అసలు పాతది కొనాలంటే రాజాల పని. అందుకే కంపెనీ 2011లో దాన్ని మళ్లీ చేసి తెచ్చింది. అందులో రెండు ఛానెళ్లు. ఒకటి 1964 నాటి సర్క్యూట్, రెండోది 1966 నాటిది. ఈ రెంటికీ ఉన్న తేడా ఎంత గంభీరమైందో వంటింటి గుమ్మంలో నిలబడి వివరిస్తున్నాను. ఆవిడ చపాతీ తిప్పుతూ అంతా విని, "మరి 1965 యాడికి పోయింది?" అంది.

ఆవిడ ఎడపల్లిలో లెక్కల టీచరు. వరుసలో ఒక అంకె తప్పిపోతే ఊరుకునే మనిషి కాదు. నేను చాలా వెతికాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నా రోగానికి మూలం అమెరికాలో లేదు, నిజామాబాదులోనే ఉంది. మేం చదువుకునే రోజుల్లో బోధన్ బస్సులో డ్రైవరు పెట్టే ఇళయరాజా క్యాసెట్లే నాకు బేస్ పాఠశాల. సాగర సంగమం, అభినందన, గీతాంజలి. అందరూ బాలు గొంతు వింటుంటే నేను కిటికీ రేకుకు చెవి ఆనించి, కింద నడిచే ఆ బరువైన స్వరం ఎటు పోతోందో పట్టుకునేవాణ్ణి. అది వాయించినవాడు శశిధరన్ అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. నేను చూసిన ఏ క్యాసెట్ కవరు మీదా ఆ పేరు లేదు. పేరు లేకుండా పాటంతా మోసే ఆ ఉద్యోగం నాకు తెగ నచ్చింది. వినాయక చవితి మండపాల్లో వాయించే ఒక ఆర్కెస్ట్రాలో బేస్ గిటారిస్టుగా చేరాను.

అప్పట్లో పాటంతా మైక్ సెట్ గొట్టాల్లోంచే వచ్చేది. ఆ ఇనుప గొట్టాలు సుమారు మూడు వందల హెర్ట్జ్ కిందికి దిగవు. నా లావు తీగ మోగేది నలభై ఒక్క హెర్ట్జ్ దగ్గర. అంటే నేను నవరాత్రులన్నీ చెమటలు కార్చుకుంటూ వాయించిన సంగీతం కరెంటు రూపంలో గొట్టం దాకా వెళ్లి, అక్కడి నుంచి నిశ్శబ్దంగా దేవుడిలో కలిసిపోయేది. నేను వాయించానన్న సంగతి నాకూ వినాయకుడికీ తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి తీగ తెగి సగం కార్యక్రమం ఊరికే నిలబడ్డాను. ఆ రోజు చాలా బాగా వాయించావని కార్యకర్తలు శాలువా కప్పారు. ఇప్పుడు అదే వీధిలో డీజే డబ్బాలు వస్తున్నాయి, వాటిలో బేస్ తప్ప ఇంకేమీ వినబడదు. నేను తప్పు దశాబ్దంలో పుట్టినట్టున్నాను.

ఇంత అన్యాయం జరిగిన మనిషి మంచి నాదం కోరుకుంటే తప్పేముంది? వాల్వు శబ్దంలో మహిమ ఏమిటో చెబుతాను. గాజుబుడ్డిలో గాలి ఉండదు. లోపల తీగ ఎర్రగా కాగితే కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు లేచి ప్లేటు వైపు పరిగెడతాయి. మధ్యలో ఉన్న జల్లెడ వాటిని ఆపుతూ వదులుతూ మన స్వరాన్ని పెద్దది చేస్తుంది. హద్దు దాటితే ట్రాన్సిస్టర్ తరంగాన్ని కత్తితో కోసినట్టు చదును చేస్తుంది. వాల్వు మాత్రం అంచులు గుండ్రంగా వంచుతుంది, చెవికి అది వెచ్చగా తగులుతుంది. తమాషా ఏమిటంటే ఆ హల్ దొరకు శబ్దం చీలడమంటే పరమ అసహ్యం, రాక్ సంగీతమన్నా పడేది కాదు. జాజ్ వాళ్లకు స్వచ్ఛంగా వినబడాలని ఆయన తపించి చేయించిన పెట్టెను, కాస్త చీలుతుందని మాబోటివాళ్లు ఇప్పుడు మళ్లీ చేయించుకుంటున్నాం.

ఇక రెక్టిఫయర్ వాల్వు. లావు తీగను గట్టిగా మీటినప్పుడు ఒక్కసారి కరెంటు లాగేసరికి లోపల ఓల్టేజీ కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. స్వరం కుంగి, ఉబ్బి, నిలబడుతుంది. "అది ఊపిరి పీల్చుకుంటుంది" అన్నాను, కళ్లు మూసుకుని.

"ఊపిరి కాదు, లో ఓల్టేజి. ఎండకాలం మన ఫ్రిజ్ గూడ అట్లనే కుంగి లేస్తది. దానికి లక్షలు పెడ్తరా?" అంది ఆవిడ. ఫిజిక్సు ప్రకారం ఆమె చెప్పిందే సరి. అందుకే ఆ పూట భోజనం చేయలేదు. రాత్రి లేచి చేశాను.

ఫ్రిజ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ ప్రమాదం కూడా చెప్పాలి. యాంపెగ్ వాళ్లే 1969లో ఎస్‌వీటీ అని ఇంకోటి తెచ్చారు. మూడు వందల వాట్లు, పద్నాలుగు వాల్వులు. అదే ఏడు అమెరికా యాత్రలో రోలింగ్ స్టోన్స్ వాళ్లు వాడారు. కింద పెట్టే పెట్టెలో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. ఆ ఆకారం చూసి వాయిద్యగాళ్లందరూ దాన్ని ఫ్రిజ్ అనే పిలుస్తారు. ఒక ఆదివారం పాత ఆర్కెస్ట్రా మిత్రుడితో ఫోన్లో, "కొంటే ఫ్రిజ్ కొనాలి, లేకపోతే బతుకే వృథా" అన్నాను. ఆవిడ విన్నది. సాయంత్రానికి బోధన్‌లోని పుట్టింటికి కబురు వెళ్లింది. రాత్రి జొన్న రొట్టెలోకి నాకిష్టమైన పచ్చడి వచ్చింది. "ఎన్ని లీటర్లది?" అని ప్రేమగా అడిగింది. నేను అదే ప్రేమతో, "మూడు వందల వాట్లు" అన్నాను. ఆవిడ బాగా ఆలోచించి, కరెంటు బిల్లు ఎక్కువ వస్తుందేమో, ఫర్వాలేదు అంది. ఆ నెలలోనే ఇంటికి ఫ్రిజ్ వచ్చింది, వాయిదాల మీద. స్పీకర్లు లేవు. మోటారు ఆన్ అయినప్పుడు వచ్చే హమ్ మాత్రం, నిజం చెప్పాలంటే, చాలా మంచి టోన్.

ఫెండర్ బాస్‌మన్ గురించి రెండు ముక్కల్లో: 1952లో బేస్ వాళ్ల కోసం చేశారు, గిటార్ వాళ్లు ఎత్తుకుపోయారు. లండన్‌లో జిమ్ మార్షల్ 1962లో దాన్ని చూసే తన మొదటి యాంప్లిఫయర్ చేశాడు. 1990లో కంపెనీ మళ్లీ తెస్తే కొన్నదీ ఎక్కువగా గిటార్ వాళ్లే. బేస్ వాయించేవాడి జీవితచరిత్ర ఇంతకన్నా క్లుప్తంగా రాయలేం.

వాల్వుల మహిమ మా మామకూ చెప్పి చూశాను. ఆయనది బోధన్‌లోని షక్కర్ నగర్. నిజాం షుగర్స్ ఫ్యాక్టరీలో పాకం మరిగించే పాన్ దగ్గర పని. మరిగే పాకం లోంచి చుక్క తీసి గాజుపలక మీద రాసి, వెలుగుకు పట్టి, చక్కెర గింజ ఏ సైజుకు వచ్చిందో చెప్పేవాడు. వస్తువును కళ్లతో తూచే మనిషి. ఆయన క్వార్టర్లో ఒకప్పుడు వాల్వు రేడియో ఉండేది, పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో సిలోన్ వినేవారట. ట్రాన్సిస్టర్ రాగానే దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. "సెల్లేసుకోని చేనుకాడికి తీస్కపోవచ్చు. అది కాగేటాలకు పాట అయిపోయేది" అన్నాడు, ఏ బాధా లేకుండా. వెచ్చదనం గురించి నేను ఉపన్యాసం ఇస్తే, ఎండాకాలం అది బాగానే వెచ్చగా ఉండేదని ఒప్పుకున్నాడు.

పాతది మళ్లీ చేసి కొత్త ధరకు అమ్ముతారని, దాన్ని రీఇష్యూ అంటారని చెప్పాను.

"గది మాకు జెప్పకు అల్లుడా. మా ఫ్యాక్టరీని ప్రతి ఎలచ్చన్ల రీఇష్యూ జేస్తరు. చిమ్నీల పొగ మాత్రం రాదు."

1937లో నిజాం కాలంలో పెట్టిన ఫ్యాక్టరీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని బోధన్‌లో చిన్నపిల్లవాడు కూడా చెప్పేవాడు. నిజాంసాగర్ నీళ్లు, చుట్టూ చెరకు, సీజన్లో రాత్రీ పగలూ ఆగని గానుగ. 2002లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. చిమ్నీల మాట అన్నాక మామ కాసేపు బయటికి చూస్తూ కూర్చున్నాడు. మర్యాదస్తుడెవరైనా అక్కడ నోరు మూసుకుంటాడు. నేను, ఆ రేడియోలో అవుట్‌పుట్ వాల్వు ఏ నంబరుదో గుర్తుందా మామా అని అడిగాను.

నా గుణం ఇలాంటిదే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు టీవీ ముందు దిగులుగా కూర్చున్నాను. లోకం బాధ నా బాధ అనుకుని మా ఆవిడ చాయ్ పెట్టి ఇచ్చింది, పక్కన కూర్చుంది. ఇప్పుడు ప్రపంచంలో వాల్వులు చేసే చోట్లు వేళ్ల మీద లెక్కబెట్టొచ్చు. రష్యాలో సరతోవ్, స్లొవేకియా, చైనా. ఒకప్పుడు బెంగళూరు బీఈఎల్ కూడా చేసేది. సరతోవ్ సరుకు ఆగి ధరలు పెరుగుతాయని నా గుబులు. లేని యాంప్లిఫయర్‌కు వాల్వులు ఎలా మార్చాలన్నది నా సమస్య. ఆ చాయ్ మాత్రం మొత్తం తాగాను.

అయితే ఇంతకాలం నేను దాచిన అసలు రహస్యం ఇంకొకటుంది. బి-15 పేరెత్తితే అందరూ జేమ్స్ జేమర్సన్ పేరే చెబుతారు. మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన మహానుభావుడు. ఆ పాటల్లోని నాదమే నాక్కావాలి అని ఇన్నేళ్లూ ఇంట్లో వాదించాను. నిజానికి ఆయన బి-15ను ఎక్కువగా క్లబ్బుల్లో వాడేవాడు. డెట్రాయిట్ స్టూడియోలో చాలావరకు గిటార్ వైరును నేరుగా రికార్డింగ్ బల్లకే కలిపేవారు. అంటే నేను ప్రాణం పెట్టిన ఆ శబ్దంలో నేను కొనాలనుకున్న పెట్టె దాదాపు లేదు. ఇది నాకు మొదటినుంచీ తెలుసు. మా అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతోంది. ఈ సంగతే ఎక్కడో చదివి సెలవులకు వచ్చి, అన్నం తింటూ, "డాడీ, ఆయనకు యాంపే లేదంట కదా" అని మమ్మీ ముందే అనేసింది.

మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. పెరుగు వడ్డించి, "అంటే మీరు ఇప్పుడు ఆయన లెక్కనే ఉన్నరన్నట్టు" అంది.

మాట మార్చడానికి తీగల సంగతి ఎత్తాను. జేమర్సన్ తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదని, జిడ్డు పట్టిన పాత తీగల్లోనే ఆ మజా ఉందని నమ్మేవాడని చెప్పాను. నా గిటార్ తీగలూ ఆర్కెస్ట్రా రోజులవే అని గుర్తుచేశాను. ఆవిడ ముఖం విప్పారింది. నా సంగీతం గురించి ఆమె సంతోషించడం చూడటం అదే మొదలు.

"గిది మంచిగున్నది. ఇసొంటి పైసలు కర్సుగాని అలవాట్లు ఆ పెద్దమనిషికి ఇంకేమన్న ఉన్నయా?"

కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అంత సంగీతమూ వాయించేవాడని చెప్పాను.

"మరి మీరు రెండు వేళ్లెందుకు పాడు జేసుకుంటున్నరు?" అంది.