ఆటోమైకు వచనానికి టీకా తాత్పర్యం

మూలము

"నేటి రాత్రి ఎనిమిది గంటలకు మన ఊరి రామాలయం వద్ద ప్రముఖ బుర్రకథ దళంచే పల్నాటి యుద్ధం బుర్రకథ కలదు. ప్రవేశం ఉచితం. కావున యావన్మంది ప్రజలు విచ్చేసి జయప్రదం చేయ ప్రార్థన."

అవతారిక

ఈ వచనం రచించిన కవి ఎవరో తెలియదు. చిలకలూరిపేట నుంచి పర్చూరు వైపు పోయే ఊళ్ళలో, కల్లాల్లో మిరపకాయ ఆరే రోజుల్లో, ఆటో మీద కట్టిన మైకులోంచి వినబడుతుంది. మునుపు రిక్షాలో ఒక మనిషి కూర్చుని గొంతు చించుకుని చెప్పేవాడు. ఇప్పుడు ఫోనులో ఒక్కసారి రికార్డు చేసి తిప్పుతున్నారు. చెప్పిందే చెప్పడం పునరుక్తి దోషం కాదా అంటే, కాదు, వీధి మారుతోంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చిలకలూరిపేట పల్నాడుకీ పర్చూరు బాపట్లకీ పోయాయి. ఆ సంగతి ఆటోకి ఎవరూ చెప్పలేదు.

మూడు వాక్యాలకు వ్యాఖ్య దేనికంటారా? కాళిదాసుకు మల్లినాథుడు దొరికాడు, ఈ ఆటోకి నేను దొరికాను. పైగా సినిమా కంపెనీగాని క్యాసెట్ కంపెనీగాని వెనక లేని సంగీతాన్ని ఇండిపెండెంట్ మ్యూజిక్ అని హైదరాబాదులో గిటారు పట్టిన కుర్రాళ్ళు అంటున్నారు. కొత్తది ఎక్కడ దొరుకుతుంది, దాన్ని ఎలా నిలబెట్టాలి అని వాళ్ళు తలలు పట్టుకుంటుంటే, జవాబు ఈ ఆటోలో ఊరూరా తిరుగుతోంది. టీక లేక ఎవరికీ అంతుపట్టలేదు, అంతే.

ఛందస్సు

వచనమే. అయినా రోడ్డు గతుకుల వల్ల అక్కడక్కడ యతులు పడ్డాయి. "ప్రముఖ" తర్వాత ఒక గుంట, "యావన్మంది" నడుమ ఒక స్పీడ్ బ్రేకరు ఉన్నట్టు విజ్ఞులు గుర్తించగలరు.

ప్రతిపదార్థము, విశేషములు

నేటి రాత్రి = పంట డబ్బు చేతికొచ్చిన రాత్రి. ఏ రాత్రి అయినా కాదు. ఈ నేలలో పాటకి రాజపోషకుడు రాజు కాడు, గుంటూరు మిర్చియార్డు. శివరాత్రికి కోటప్పకొండ తిరణాల, ఆ తర్వాత శ్రీరామనవమి. ఈ రెంటి మధ్య కోతలు, కల్లాలు, కాయ నింపిన టిక్కీలు లారీ ఎక్కడం. తేజ రకం రేటు బాగుంటే కథ మూడు రాత్రులు. రేటు పడితే ఒకే రాత్రి. మరీ పడితే ఆ ఏటికి రికార్డు పాటలతో సరి. 2025లో క్వింటాలుకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం మార్కెట్ జోక్యం ప్రకటించాల్సి వచ్చినంతగా ధర కుంగింది. రైతు ఎరువు అప్పు తగ్గించుకోలేడు, కూలి తగ్గించుకోలేడు. తగ్గించుకోగలిగింది తంబుర ఒక్కటే.

ఎనిమిది గంటలకు = పదింటికి. ముఖ్యార్థం పొసగనప్పుడు లక్షణార్థం తీసుకోమని శాస్త్రం. ఎనిమిదింటికి వెళ్ళినవాడికి ఖాళీ బల్లలు, లైటు చుట్టూ పురుగులు, మైకు టెస్టింగు చేసే కుర్రాడు తప్ప ఎవరూ కనబడరు గనుక ముఖ్యార్థం బాధితమైంది. అయినా ఎనిమిదింటికే వెళ్ళండి. కారణం ఆ మైకు కుర్రాడు, వాడి యజమాని. చుట్టుపక్కల ఏ దళం ఎలా చెబుతుందో, ఎవరి గొంతు పన్నెండు దాటితే బొంగురు పోతుందో, కొత్తగా ఏ ఊరి పిల్లవాడు పాడుతున్నాడో మైకుసెట్టు యజమానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన ప్రతి కథా వింటాడు, జీతం తీసుకుని వింటాడు, నిద్ర ఆపుకుని వింటాడు. పత్రికల్లో సంగీత సమీక్షలు రాసేవాళ్ళలో ఇన్ని రాత్రులు కూర్చున్నవారు నాకు తెలిసి లేరు. కొత్త గొంతు కావాలంటే ఆయన కొట్టు దగ్గర ఒక టీ తాగండి. చెప్పడం మొదలుపెడితే ఆపడు.

మన ఊరి రామాలయం వద్ద = గుడి ముందు అరుగు మీద, లేదా అరుగు చాలక నిలబెట్టిన ట్రాక్టరు ట్రక్కు మీద. ఇక్కడ ఒక కథ చెప్పి తీరాలి. ఒంగోలు పక్కన కరవదిలో 1924లో షేక్ చినమౌలానా పుట్టారు. తరతరాలుగా సన్నాయి ఊదే ముస్లిం కుటుంబం. చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నేర్చుకున్నారు. ఈ రామాలయాల ముందు, ఈ ఊరేగింపుల్లో, ఈ పెళ్ళిపందిళ్ళలో ఊదాల్సిన మనిషి చివరికి కావేరి ఒడ్డున శ్రీరంగంలో ఇల్లు కట్టుకున్నారు. తమిళులు మైళ్ళు నడిచి వచ్చి విన్నారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులు కూడా మన ప్రకాశం జిల్లా నుంచి వెళ్ళి శ్రీరంగంలోనే స్థిరపడ్డవారు. 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఇక్కడ మనమంతా మావాళ్ళే అన్నాం. నిజమే, మనవాళ్ళే. సన్నాయి వినడానికి మాత్రం తిరుచ్చి రైలెక్కాలి. కాబట్టి "మన" అనే విశేషణం రామాలయానికే అన్వయిస్తుందని, వాయించేవాడికి అన్వయించాలంటే కాస్త ఖర్చవుతుందని వ్యాఖ్యాత అభిప్రాయం.

ప్రముఖ = పక్క మండలంలో తెలిసిన. దీన్ని అతిశయోక్తి అనకూడదు, అలవాటు.

బుర్రకథ దళంచే = ముగ్గురిచే. నడుమ కథకుడు: అంగరఖా, తలపాగా, కాళ్ళకు గజ్జెలు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో వంతలు, ఒకడు రాజకీయం, ఒకడు హాస్యం. నిర్మాతా పంపిణీదారూ లేరు. సరంజామా అంతా ఒక ఆటోలో పడుతుంది. ఈ కళకు పెద్ద దిక్కు షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. పత్తి ఏకే దూదేకులవారు. తన జీవితకథకు "పింజారి" అనే పేరు పెట్టుకున్నారు. పత్తినేల మీద పుట్టిన పాట కనుక ఆ పేరు కులసూచకమే కాక స్థలసూచకమూ అయింది. ప్రజానాట్యమండలి రోజుల్లో ఆయన బెంగాల్ కరువు మీద కథ చెబితే జనం కదిలిపోయారు. బుర్రకథకు జనం ఎంత కదిలారంటే అటు మద్రాసులో తెల్లదొరల ప్రభుత్వం, ఇటు హైదరాబాదులో నిజాం ప్రభుత్వం రెండూ దాన్ని నిషేధించాయి. ముగ్గురు మనుషులు, ఒక తంబుర, రెండు డక్కీలకు రెండు సర్కార్లు భయపడ్డాయంటే, ఇంతకు మించిన సమీక్ష ఏ గాయకుడికీ రాదు. సినిమా తర్వాత వచ్చింది. "అగ్గిరాముడు" (1954)లో ఆయన అల్లూరి సీతారామరాజు కథ వినబడుతుంది. 1986లో పద్మశ్రీ.

పల్నాటి యుద్ధం = కారంపూడి యుద్ధం. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందెం, బాలచంద్రుడు. శ్రీనాథుడు ద్విపదలో రాశాడు, అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చేయించారు. కారంపూడిలో వీరవిద్యావంతులు కార్తికమాసం ఉత్సవాల్లో ఇప్పటికీ పాడుతూనే ఉన్నారు. పాఠ్యపుస్తకాల్లోకి శ్రీనాథుడు ఎక్కాడు, వీరవిద్యావంతులు ఎక్కలేదు.

శంక: ఎనిమిదొందల ఏళ్ళనాటి యుద్ధం. ఇందులో కొత్త సంగీతం ఏముంది?

సమాధానం: రాజకీయం వంతను మరిచారు. కోడిపందెంలో బ్రహ్మనాయుడి కోడి ఓడిపోయిన ఘట్టం దగ్గర వాడు డక్కీ ఆపి, "ఈ కోడి యార్డుకు పోయిన మన కాయ లాంటిదయ్యా, తీసుకుపోయేటప్పుడు ఎర్రగా ఉంటది, తిరిగొచ్చేటప్పుడు మన మొహం ఎర్రగా ఉంటది" అన్నాడనుకోండి. ఆ మాట నిన్న లేదు, రేపు ఉండదు. రేపు పొగాకు ఊరు, కాబట్టి బేళ్ళ మీద మాట పడుతుంది. పాత కథ ఒక తాడు. రాత్రికో కొత్త చొక్కా దాని మీద ఆరేస్తారు. ఇది ఒప్పుకోనివారు మరో ఆధారం కోరితే, ఇవే ఊళ్ళలో పత్తి తీతల మీదా కౌలు అప్పుల మీదా తామే పాట కట్టి ఫోనులో పాడి పెడుతున్న పిల్లల్ని చూడమంటాను. వాళ్ళకీ దళానికీ వర్తించే సూత్రం ఒకటే, అది కింది వాక్యంలో ఉంది.

ప్రవేశం ఉచితం = లోపలికి రావడానికి డబ్బు అక్కర్లేదు.

ఈ వాక్యం అసంపూర్ణం. ఇక్కడ ఒక పదం అధ్యాహారం చేసుకోకపోతే వచనమంతా కూలుతుంది. పూర్తిపాఠం ఇది: ప్రవేశం ఉచితం, నిష్క్రమణం యథాశక్తి. ఆ యథాశక్తి పేరే చదివింపు.

భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుని బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరుతున్నాడు. కథకుడి గజ్జె మెల్లబడింది, గొంతు జీరపోయింది. ముందు వరసలో మిరప గోతాలు పరుచుకుని కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. (ఈ కన్నీళ్ళకు కారణం మాంచాలా, గోతంలో మిగిలిన కారమా అన్నది ఆలంకారికులు తేల్చలేదు. నేనూ తేల్చను, నేనూ గోతం మీదే కూర్చున్నాను.) సరిగ్గా అప్పుడు ఒక చెయ్యి అరుగు మీదికి నోటు చాపుతుంది. కథకుడు కత్తి ఎత్తిన బాలచంద్రుణ్ణి అలాగే నిలబెట్టి, "ఫలానా ఇంటిపేరు గల ఫలానా వెంకటేశ్వర్లుగారు వారి అమ్మగారి పేరు మీద నూటపదహారు రూపాయలు చదివించారు, వారి పాడీపంటా చల్లగా ఉండాలి" అంటాడు. డక్కీ ఒక్క దరువు. మళ్ళీ బాలచంద్రుడు కదులుతాడు.

రసభంగం కదా? కాదు. ఆ నోటు రాకపోతే రేపు రాత్రి బాలచంద్రుడే రాడు. పద్యనాటకాలు ఈ జిల్లాలను ఊపిన కాలంలో వన్స్‌మోర్ కేకకి చచ్చిన పాత్ర లేచి పద్యం తిరిగి పాడి మళ్ళీ చచ్చేదని చెప్పుకుంటారు. అప్పుడు ఎవరికీ రసం భంగం కాలేదు. సుద్దపల్లిలో పుట్టిన కళ్యాణం రఘురామయ్య ఈలపాటతో పేరు తెచ్చుకున్నది ఆ జనం ముందే.

శంక: ఫోనులో చూసి లైకు కొడితే చాలదా?

సమాధానం: 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లయినా వినబడని పాటకు పైసా రాలదు. వెయ్యి దాటినా రాలేది కిళ్ళీ ఖర్చు. అమెరికాలో బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతపు అంగడి 2020 మార్చిలో కరోనా కష్టకాలం చూసి, ఒక శుక్రవారం, ఆ తర్వాత మరికొన్ని శుక్రవారాలు, తన వాటా కూడా పాడినవాళ్ళకే వదిలేసింది. ప్రపంచమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవాల్సిందే. మన రామాలయం అరుగు మీద మాత్రం శుక్రవారం కోసం ఎదురుచూడనక్కర లేదు. నోటుకీ కథకుడి చేతికీ మధ్య ఎవడూ లేడు.

యావన్మంది ప్రజలు = వచ్చిన నలభైమంది. కోటప్పకొండ శివరాత్రి నాడు విద్యుత్ ప్రభల మీద పాటా ఆటా చూసే వేలమందితో దీన్ని పోల్చి దిగులు పడకూడదు. అక్కడ పక్క ప్రభ సౌండు ఈ ప్రభ సౌండుని మింగుతుంది. ఏ పాట ఎవరు పాడారో ఇంటికి పోయాక చెప్పగలిగినవాణ్ణి నేను చూడలేదు. నలభైమందిలో ఆవలించేవాడు కూడా కథకుడికి కనబడతాడు, వాడి కోసం హాస్యం వంత ఒక ముక్క వేస్తాడు.

విచ్చేసి = వచ్చి, కూర్చుని, మంగళం పాడేదాకా లేవక. ఒంటిగంటకు లేచి దులుపుకుని పోయినవాడు విచ్చేసినవాడు కాడు, తొంగి చూసినవాడు.

జయప్రదం చేయ ప్రార్థన = స్పష్టం.

తాత్పర్యము

ఈ రాత్రి గుడి దగ్గర ముగ్గురు పాడతారు, వెళ్ళండి, కూర్చోండి, ఇవ్వండి.

అనుబంధము: ఒక ఆధునిక వివాదం

ఈమధ్య దళాలు అరుగు అంచున ఫోన్‌పే స్కానరు అట్ట నిలబెడుతున్నాయి. పక్కన డబ్బు ముట్టినట్టు చెప్పే డబ్బా కూడా పెడితే, బాలచంద్రుడి వీరావేశం నడుమ "నూటపదహారు రూపాయలు అందాయి" అని ఒక ఆడగొంతు పలుకుతుంది. దీన్ని చదివింపుగా ఎంచవచ్చునా? ఎంచరాదని పెద్దల పక్షం. డబ్బా మొత్తం చెబుతుంది గాని పేరు చెప్పదు. పేరు చదవనిదే చదివింపు ఏమిటి? ఎంచవచ్చునని కుర్రకారు పక్షం: ముట్టింది కదా. వ్యాఖ్యాత నిర్ణయం ఏమంటే, ఫోనులో పంపినా సరే, ఒక చీటీ మీద పేరు రాసి హాస్యం వంత చేతికి ఇవ్వాలి. ఇంటిపేరు విడమరిచి రాయాలి. మైకులో ఇంటిపేరు తప్పు పడిందని మరో నూటపదహార్లు ఇచ్చి దిద్దించుకున్నవారున్నారు. వంత అది తెలిసే ఒక్కోసారి తప్పు చదువుతాడని మైకుసెట్టు యజమాని చెప్పాడు.