ఎనిమిదొందల కో-డైరెక్టర్

ఫిల్మ్‌నగర్‌లో మారుతి 800 నడిపే కో-డైరెక్టర్‌ది ఒక ప్రత్యేక జాతి. వయసు నలభై నుంచి యాభై అయిదు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చంకలో స్పైరల్ బైండింగ్ చేయించిన కథ, జేబులో స్పార్క్ ప్లగ్గు. నివాసం కృష్ణానగర్ లేదా యూసుఫ్‌గూడ. సంచారం జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి రామానాయుడు స్టూడియో గుట్ట దాకా. పెద్ద దర్శకుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, సొంత సినిమా "ఆల్మోస్ట్ ఓకే" అయిన దశలో ఇతను కనబడతాడు. ఆ దశ సాధారణంగా పదేళ్లు ఉంటుంది. ఇంజన్ విషయంలో ఇతని సిద్ధాంతం ఒక్కటే: ఖర్చు లేని జాగ్రత్తలన్నీ నిష్ఠగా పాటించడం, ఖర్చున్నవి అడ్వాన్సు వచ్చాక చూడడం.

ఈ సిద్ధాంతాన్ని ఇన్నేళ్లు భరించగల ఇంజన్ మరొకటి చవగ్గా దొరకదు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందజేసిన నాటి నుంచి, 2014 జనవరిలో తయారీ ఆగేదాకా, మారుతి 800ని లాగింది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనే. పాతవాటికి కార్బురేటరు, తర్వాతివాటికి ఎంపీఎఫ్ఐ. విప్పి బిగించగల మెకానిక్కు ప్రతి సందులో ఉంటాడు, సామాను రాణీగంజ్‌లో దొరుకుతుంది. బీఎస్-4 కాలుష్య నిబంధన వల్ల 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాదులో కొత్తది అమ్మలేదు. కాబట్టి ఇక్కడ తిరిగే 800లు ఇంచుమించు అన్నీ పదిహేనేళ్లు దాటినవే. "ఇంజన్ ఇంతవరకు విప్పలేదు" అని ఇతను చెప్పుకోవడంలో గర్వం కొంత, గత్యంతరం లేకపోవడం కొంత.

దినచర్య డిప్‌స్టిక్‌తో మొదలవుతుంది. ఆయిల్ చూడాలంటే బండి చదునైన చోట ఉండాలి. ఇంజన్ ఆపి కాసేపు ఆగి, పుల్లను తుడిచి, మళ్లీ ముంచి తీయాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. గుట్టలూ వాలులూ తప్ప మరేమీ లేని ఫిల్మ్‌నగర్‌లో మొదటి షరతు దగ్గరే చిక్కు. ముక్కు పల్లానికి ఉంటే పుల్ల ఒకటి చెబుతుంది, మెరకకి ఉంటే ఇంకొకటి. తనకి అనుకూలంగా చెప్పినదాన్ని ఇతను నమ్ముతాడు. తుడవడానికి గుడ్డ ఉండదు, సీను పేపరు ఉంటుంది. ఇతని ఫ్లాష్‌బ్యాకులన్నిటి మీదా నల్లటి వేలిముద్రలు ఉండడం అందువల్లే.

ఆయిల్ మార్చడం మాత్రం ఖర్చు కిందికి వస్తుంది. అయిదు వేల కిలోమీటర్లకో ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. "తిరగందే మార్చడం దేనికి?" అన్నది ఇతని వాదన. బండి తిరిగేది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి, రెండేసి కిలోమీటర్లు. ఇంజన్ సరిగా వేడెక్కేలోపే ప్రొడ్యూసరు గారు ఊళ్లో లేరని తెలుస్తుంది. అలా అరవేడిలో ఆగిపోయే ఇంజన్‌లో చెమ్మా, కాలని పెట్రోలూ ఆయిల్లో చేరి దాన్ని పాడుచేస్తాయి. మీటరు కదలకపోయినా నెలలు లెక్కే. ఇది ఇతనికి తెలుసు, పక్కవాడి బండికైతే చెబుతాడు కూడా.

బ్యాటరీ కొనే పని లేకుండా వాలు కాపాడుతుంది. ఎక్కడ ఆపినా కారు ముక్కు పల్లానికే ఉంటుంది. బ్రేకు వదిలి, బండి దొర్లాక సెకండ్ గేరులో క్లచ్చి వదిలితే ఇంజన్ అందుకుంటుంది. ఎంపీఎఫ్ఐ బండికి పెట్రోలు పంపు తిరిగేపాటి కరెంటైనా మిగిలి ఉండాలి. చదునైన చోట వాలు పని ఇతని అసోసియేట్ డైరెక్టర్ చేస్తాడు.

పొగ చదవడంలో ఇతను పండితుడు. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువ పడుతోంది. నీలిపొగైతే ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వు సీళ్లో పోయాయి. ఎంతకీ ఆగని తెల్లపొగైతే కూలెంటు సిలిండర్లోకి దిగుతోంది. తన బండి నీలిపొగ వదిలితే మాత్రం "చలికాలం కదా" అంటాడు, మే నెలలోనైనా.

అసలు పరీక్ష కూడా మే నెలలోనే. చెక్‌పోస్టు సిగ్నల్ పడింది. ముందు సీట్లో నిర్మాత. రేడియేటర్ ఫ్యాను తిరగడం మానేసింది, ముల్లు ఎర్రగీత వైపు లేస్తోంది. ఇలాంటప్పుడు ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పాలి. ఇంజన్ వేడి కొంత అటునుంచి బయటికి పోతుంది. బయటికంటే నిర్మాత మోకాళ్ల మీదికి.

"ఏంటయ్యా ఈ సెగ?"

"ఇంటర్వెల్ సార్. హీరో ఇల్లు తగలబడుతోంది."

తర్వాత పక్కకి ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీళ్లు ఎగజిమ్ముతాయి. చల్లారడానికి అరగంట పడుతుంది. సెకండాఫ్ చెప్పడానికీ అంతే పడుతుంది. తీరా చల్లారాక ఇతను పోసేది కుళాయి నీళ్లు. వాటితో లోపల తుప్పూ గారా పడతాయి, నీటిదారి పూడుకుంటుంది, ఇంజన్ మళ్లీ హీటెక్కుతుంది. ఇలా నాలుగైదుసార్లయితే సిలిండర్ హెడ్ వంగి గ్యాస్కెట్ పోతుంది. ఒక డబ్బా కూలెంటు దగ్గర మిగిల్చిన సొమ్ముకి ఎన్నో రెట్లు అక్కడ పెట్టాలి.

చప్పుడు చేసే భాగాలకే ఇతని దయ దక్కుతుంది. టైమింగ్ బెల్టు చప్పుడు చేయదు. రబ్బరు కాబట్టి, తిరక్కపోయినా వయసు మీద పడుతుంది. తెగిన క్షణాన ఇంజన్ ఆగుతుంది. పెట్రోలు గొట్టాలదీ అదే తంతు. ఇప్పుడు బంకుల్లో వచ్చే, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు త్వరగా పగులుతుంది. కారే గొట్టం బండినే తగలబెట్టగలదు. కథలో హీరో ఇంటిని తగలబెట్టిన మనిషి ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ ముగింపు ఊహించడు.

సిద్ధాంతం సడలేది అయిదేళ్లకోసారి. పదిహేనేళ్లు దాటిన కారుకి ఆర్టీఏ ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ టాక్స్ కట్టి, ఆర్సీ పునరుద్ధరించుకోవాలి. దానికి ముందు వారం అప్పు పుడుతుంది. కొత్త ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఆయిల్, ట్యూనింగు అన్నీ అవుతాయి. బండి కొత్త పెళ్లికొడుకులా బయల్దేరి, పాసై వస్తుంది. ఆ ఘనత ఆ వారం పెట్టిన ఖర్చుది కాదనీ, ఇన్నేళ్లుగా తాను తీసుకున్న జాగ్రత్తదనీ ఇతని నమ్మకం.

వీరిలో కొందరికి నిజంగానే సినిమా వస్తుంది. కంపెనీ వాళ్లు ఇన్నోవా, డ్రైవరు పంపిస్తారు. అప్పుడు 800ని అమ్మరు, అసోసియేట్‌కి ఇస్తారు. వాలు చూసి ఆపమనీ, వేడి మీద మూత తీయవద్దనీ గంటసేపు జాగ్రత్తలు చెబుతారు. అతను శ్రద్ధగా తలూపుతాడు. ఇన్నాళ్లూ వెనకనుంచి తోసినవాడు కాబట్టి, చెప్పించుకోవాల్సిందేమీ లేదు.